మూగబోయిన కంప్యూటర్ స్పీకర్లను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

కంప్యూటర్ బల్ల కింద ఒక చెక్కపెట్టె, బల్ల మీద కుడి ఎడమల రెండు చిన్న డబ్బాలు. బజారులో 2.1 అని పిలిచే ఈ సెట్టు మన ఇళ్లలో కంప్యూటర్‌కే కాక టీవీకి, సెల్‌ఫోన్‌కు కూడా పనికొస్తూ ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ తరువాత ఒకరోజు ఉన్నట్టుండి మూగబోతుంది, లేదా ఒకవైపే పలుకుతుంది, లేదంటే పాటకంటే గట్టిగా 'బుయ్'మని రొద పెడుతుంది. దుకాణానికి తీసుకువెళ్తే 'బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి' అనే మాట వినిపించడం మామూలే. నిజానికి ఈ పెట్టె లోపల ఉండేవి ఒక ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, రెండు పెద్ద కెపాసిటర్లు, మూడు నాలుగు ఐసీలు (బోలెడు భాగాలను ఒక్కదానిలో ఇమిడ్చిన నల్లటి చిప్పులు), వాటి చుట్టూ కొన్ని చిల్లర భాగాలు మాత్రమే. ఇవన్నీ విడివిడిగా దొరికేవే, కంటికి ఆనేంత పెద్దవే.

నా సెట్టునే ఒకసారి బాగుచేయడానికి ఇస్తే ఐసీ మార్చామని డబ్బు తీసుకున్నారు. నెల తిరగకుండానే మళ్లీ అదే వరస. చివరకు నేనే విప్పి చూస్తే, తప్పు ఐసీది కాదు, ఆడియో సాకెట్టు కాలి చుట్టూ ఉన్న లెడ్డు (అతుకు పెట్టే సోల్డరు లోహం) వెంట్రుకవాసి వలయంగా చీలి ఉంది. ఆ ఒక్క కాలికి మళ్లీ లెడ్డు పెట్టిన తరువాత అది నాలుగేళ్లు పనిచేసింది. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఒక్కటే: శబ్దం నడిచే దారిని పట్టుకుని పోవడం, కొలిచి చూడకుండా ఏ భాగాన్నీ మార్చకపోవడం, ఐసీని అన్నిటికంటే చివర అనుమానించడం. ఈ వ్యాసంలోని మెట్లన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

శబ్దం దారి, కరెంటు దారి

విప్పడానికి ముందు లోపల ఏం జరుగుతుందో మనసులో ఒక బొమ్మ గీసుకోవాలి. కంప్యూటర్ నుంచి 3.5 మిల్లీమీటర్ల పిన్ను ద్వారా వచ్చిన బలహీనమైన సంకేతం ఇన్‌పుట్ సాకెట్టుకు, అక్కడినుంచి వాల్యూమ్ కంట్రోలుకు, అక్కడినుంచి 4558 అనే ఎనిమిది కాళ్ల చిన్న ఐసీకి చేరుతుంది. అక్కడ దారి చీలుతుంది. కుడి ఎడమ సంకేతాలు తమ తమ ఆంప్లిఫయర్ ఐసీలకు పోతాయి. రెండింటినీ కలిపి, అందులోంచి బరువైన స్వరాలను మాత్రమే వడగట్టిన మూడో సంకేతం వూఫర్ (చెక్కపెట్టెలోని పెద్ద స్పీకరు) ఐసీకి పోతుంది. చవక సెట్లలో ఎక్కువగా కనిపించే ఆంప్లిఫయర్ ఐసీ టీడీఏ 2030. ఐదు కాళ్లు, వెనుక లోహపు రేకు, ఆ రేకుకు బిగించిన వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మ, అంటే హీట్‌సింకు, దాని గుర్తులు.

కరెంటు దారి వేరు. గోడ ప్లగ్గులోని 230 వోల్టులు స్విచ్చు, ఫ్యూజు దాటి ట్రాన్స్‌ఫార్మరుకు వస్తాయి; అక్కడ 12 వోల్టుల చుట్టుపక్కలకు తగ్గి, డయోడ్ల వద్ద ఏసీ కాస్తా డీసీ అయి, పెద్ద కెపాసిటర్లలో నిలకడ పొంది, ఐసీలకు అందుతాయి. సెట్టు పూర్తిగా చచ్చిపోతే రెండో దారిని, లైటు వెలుగుతూ శబ్దం మాత్రం సరిగా రాకపోతే మొదటి దారిని వెతకాలి. ఈ చిన్న విభజనతోనే సగం పని అయిపోతుంది.

ముందు జాగ్రత్త

ట్రాన్స్‌ఫార్మరుకు ముందున్న భాగం ప్రాణాంతకం. వెనుక స్విచ్చు ఆపినంత మాత్రాన ప్రమాదం తప్పదు; ఆ స్విచ్చు కాళ్ల దాకా 230 వోల్టులు వచ్చే ఉంటాయి కాబట్టి, పెట్టె విప్పేటప్పుడు ప్లగ్గును గోడనుంచి పూర్తిగా ఊడబీకి మీ కళ్లెదుటే పెట్టుకోండి. పెద్ద కెపాసిటర్లలో మిగిలిన చార్జిని స్క్రూడ్రైవరుతో 'టప్'మనిపించడం చాలామందికి సరదాయే గాని, ఆ మెరుపు కెపాసిటర్‌ను, బోర్డు మీది రాగి గీతలను దెబ్బతీస్తుంది. 100 ఓముల, 5 వాట్ల రెసిస్టరును రెండు కాళ్ల మధ్య కొన్ని సెకన్లు ఆనించి, మీటరుతో సున్నా చూశాకే చేయి పెట్టాలి.

మరొక హెచ్చరిక. పెట్టెలో బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరు లేకుండా, 400 వోల్టులు అని రాసి ఉన్న కెపాసిటరుతో తేలికైన పవర్ బోర్డు కనిపిస్తే, అది ఎస్ఎంపీఎస్ రకం. ఆ కెపాసిటరులో 300 వోల్టులకు పైగా డీసీ నిలిచి ఉంటుంది. అనుభవం లేనివారు దాని జోలికి పోకుండా, ఆ బోర్డును మొత్తంగా మార్పించుకోవడమే మేలు. ఇక్కడ చెప్పేదంతా ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సెట్ల గురించే.

పనిముట్లుగా ఒక డిజిటల్ మల్టీమీటరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లెడ్డు, అది బాగా అంటుకునేలా రాసే ఫ్లక్సు, లెడ్డు పీల్చే పంపు, పొడవాటి స్టార్ స్క్రూడ్రైవరు ఉంటే చాలు. వీటికి తోడు ఒక సిరీస్ బల్బు బోర్డు తయారుచేసుకోండి: ఫేజు తీగ మధ్యలో 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు వచ్చేలా హోల్డరును కలిపి, దాని అవతల సాకెట్టు పెట్టడమే. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. అనుమానం ఉన్న సెట్టును ఈ సాకెట్టుకు తగిలిస్తే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలుగుతుందే తప్ప మరేమీ కాలిపోదు. షార్టు లేకపోతే ఒక్క క్షణం మెరిసి, కెపాసిటర్లు నిండగానే బాగా మందగిస్తుంది. ఊళ్లలో మోటారు మెకానిక్కులు తరతరాలుగా వాడుతున్న ఉపాయం ఇది. ఇంతకంటే చవకైన రక్షణ నాకు తెలియదు.

విప్పకుండానే చేయవలసినవి

మొదట కంప్యూటర్‌ను పక్కన పెట్టి, సెల్‌ఫోన్‌నో మరొక పరికరాన్నో అదే తీగతో కలిపి పాట పెట్టండి. పాట చక్కగా వస్తే స్పీకర్లలో తప్పు లేదు. విండోస్‌లో అయితే కింద గడియారం పక్కనున్న స్పీకరు గుర్తు మీద నొక్కి, శబ్దం ఏ పరికరానికి పోతోందో చూడండి. హెచ్‌డీఎంఐ తీగతో మానిటరు కలిపినవారికి తరచుగా జరిగేది ఏమిటంటే, ఏదో అప్‌డేట్ తరువాత శబ్దమంతా మానిటరుకు మళ్లిపోతుంది. ఆ మానిటరులో స్పీకర్లే ఉండవు. డెస్క్‌టాప్ అయితే వెనుక ఆకుపచ్చ రంగు సాకెట్టులోనే పిన్ను ఉందో లేదో కూడా చూసుకోవాలి. గులాబీ రంగుది మైకుకు.

ఒకవైపే పలుకుతుంటే, పెట్టె వెనుక కుడి ఎడమ స్పీకర్ల పిన్నులను అటుదిటు మార్చండి. మౌనం అదే డబ్బాతో పాటు వెళ్తే ఆ డబ్బాలోనో దాని తీగలోనో లోపం. మౌనం అదే సాకెట్టు దగ్గర ఉండిపోతే లోపం పెట్టెలోనో, ఇన్‌పుట్ తీగలోనో ఉంది. అప్పుడు ఇన్‌పుట్ వైపు ఎరుపు, తెలుపు పిన్నులను కూడా మార్చి చూడండి. రెండు మార్పులు, రెండు నిమిషాలు, ఒక్క స్క్రూ విప్పకుండా లోపం ఏ గదిలో దాక్కుందో తెలిసిపోతుంది.

ఇక వేలి పరీక్ష. కంప్యూటర్‌నుంచి ఊడదీసిన 3.5 మిల్లీమీటర్ల పిన్ను కొనను, సెట్టు ఆన్‌లో ఉండగా, వాల్యూమ్ సగం పెట్టి, వేలితో తాకండి. మన ఒంటికి అంటిన 50 హెర్ట్‌జ్‌ల రొద ఆంప్లిఫయరులోకి పోయి 'బుర్ర్'మనే శబ్దం వస్తే, పిన్ను నుంచి స్పీకరు దాకా దారి బాగానే ఉన్నట్టు. కొన ఎడమది, దాని వెనుక వలయం కుడిది, మొదట్లో ఉన్నది ఉమ్మడి గ్రౌండు. కొనను, వలయాన్ని విడివిడిగా తాకితే రెండువైపులా తేలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సెట్టులో, ఇన్‌పుట్ పిన్ను దగ్గర మాత్రమే ఈ పరీక్ష చేయాలి.

తీగ తెగడం: అన్నిటికంటే మామూలు జబ్బు

పిన్ను దగ్గర తీగను వంచినప్పుడు శబ్దం వచ్చి పోతుంటే, లోపం పిన్నుకు రెండు మూడు అంగుళాల లోపలే ఉంటుంది. రబ్బరు మూతి దగ్గర పదేపదే వంగి రాగి పోగులు తెగిపోతాయి. పైతొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. మీటరును కంటిన్యుటీలో (దారి తెగకుండా ఉంటే బీపు మోగే గుర్తులో) పెట్టి, తీగను కదిలిస్తూ బీపు ఆగుతుందేమో వినండి.

తీగను మూడంగుళాలు వెనక్కి కత్తిరించి, కొత్త 3.5 మిల్లీమీటర్ల పిన్ను వేసుకోవచ్చు. ఇక్కడ కొత్తవారు తడబడే ఒక సంగతి ఉంది. లోపల ఎరుపు, ఆకుపచ్చ, రాగి రంగుల్లో కనిపించే సన్నటి పోగుల మీద ఎనామిల్ పూత ఉంటుంది; పైకి వట్టి రాగిలా కనిపించినా, దానికి లెడ్డు అంటదు, మీటరు కూడా పలకదు. ఐరన్ కొన మీద పెసరగింజంత లెడ్డు కరిగించి, పోగుల చివరను ఆ ముద్దలో నాలుగైదు సెకన్లు ముంచి ఉంచండి. సన్నగా పొగ లేచి, పూత నల్లగా పక్కకు తొలగి, చివర వెండిలా మెరిస్తే పూత పోయినట్టు. కొత్త పిన్ను తొడుగును సోల్డరింగ్ చేయకముందే తీగకు ఎక్కించి పెట్టుకోవడం మరచిపోవద్దు. అంతా అతికాక తొడుగు బల్ల మీద కనిపించి, పని మళ్లీ మొదటికి రావడం నాకు కనీసం మూడుసార్లు జరిగింది.

పెట్టె కింద నేల మీద ఉంటుంది కాబట్టి తీగలను ఎలుకలు కొరకడం, వూఫరు పక్కన గాలి కోసం వదిలిన గుండ్రటి రంధ్రంలోంచి బల్లులు, బొద్దింకలు లోపల చేరి కాపురం పెట్టడం మన ఇళ్లలో వింతేమీ కాదు. బోర్డు మీద చచ్చిన బల్లి పడి షార్టు అయిన సెట్లను చూశాను. విప్పగానే ముందు పొడి పెయింటు బ్రష్షుతో దుమ్మును, వాటి అవశేషాలను తుడవండి. బాగయ్యాక ఆ రంధ్రానికి లోపలివైపు దోమల జాలీ ముక్క అంటించవచ్చు; గుడ్డ మాత్రం కుక్కకూడదు, గాలి ఆడకపోతే వూఫరు స్వరం చచ్చిపోతుంది.

లైటే వెలగకపోతే

ప్లగ్గు ఊడదీసిన స్థితిలోనే మొదలుపెట్టండి. మీటరును ఓముల్లో పెట్టి, సెట్టు స్విచ్చు ఆన్ చేసి, ప్లగ్గు రెండు పిన్నుల మధ్య కొలవండి. ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ చుట్ట (230 వోల్టులు వచ్చే వైపుది) బాగుంటే కొన్ని పదుల నుంచి కొన్ని వందల ఓముల దాకా చూపిస్తుంది. ఏమీ చూపకపోతే దారి ఎక్కడో తెగింది: తీగా, స్విచ్చా, ఫ్యూజా, చుట్టా అన్నది ఒక్కొక్కటిగా కొలుచుకుంటూ పోవాలి. స్విచ్చులు కొన్నేళ్లకు లోపల కాలి కాంటాక్టు వదిలేస్తాయి. అదే రకం స్విచ్చు దొరకడం తేలిక.

గాజు ఫ్యూజు కాలి ఉంటే, దాని మీద రాసిన ఆంపియర్లకే కొత్తది వేయండి. రాగి పోగు చుట్టి సరిపెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. ఇక్కడ దాని ఫలితం ట్రాన్స్‌ఫార్మరు మాడిపోవడమే. పైగా ఫ్యూజు ఊరికే పోదు. గాజులోపల నల్లగా, వెండి పూసినట్టు మసిబారి ఉంటే గట్టి షార్టు తగిలిందని అర్థం. కొత్తది వేసినా సిరీస్ బల్బు లేకుండా ఆన్ చేయకూడదు. సన్నటి తీగ మధ్యలో శుభ్రంగా తెగి ఉంటే వయసు మీరి పోయి ఉండవచ్చు.

ఫ్యూజు, స్విచ్చు బాగుండి ప్రైమరీ మాత్రం తెగినట్టు చూపిస్తే, ట్రాన్స్‌ఫార్మరును వెంటనే పారేయకండి. చాలా ట్రాన్స్‌ఫార్మర్లలో పై పసుపు టేపు కింద, చుట్టకు ఆనుకుని, బియ్యపుగింజ కంటే కొంచెం పెద్దదిగా ఒక థర్మల్ ఫ్యూజు దాగి ఉంటుంది. వేడి హద్దు మీరినప్పుడు అది శాశ్వతంగా తెగిపోతుంది. టేపును జాగ్రత్తగా తొలగించి, దాని మీద రాసి ఉన్న ఉష్ణోగ్రత, ఆంపియర్ల విలువలకే కొత్తది వేయాలి. సోల్డరింగ్ వేడికి అదే తెగిపోగలదు గనుక, దాని కాలిని శరీరానికి దగ్గరగా ముక్కుకారుతో పట్టుకుని వేడిని లాగేయాలి. దాన్ని తీసేసి తీగలు నేరుగా కలిపేవారూ ఉన్నారు. రాత్రంతా ఆన్‌లో ఉండే చెక్కపెట్టెలో ఆ పని చేయవద్దనే నా సలహా.

ప్రైమరీ బాగుంటే, సిరీస్ బల్బు ద్వారా ఆన్ చేసి, మీటరును ఏసీ వోల్టులకు మార్చి, సెకండరీ (తగ్గిన వోల్టులు బయటికి వచ్చే వైపు) మూడు తీగల్లో మధ్యదానికి, పక్క రెండింటికి మధ్య కొలవండి. 12-0-12 ట్రాన్స్‌ఫార్మరులో రెండువైపులా దాదాపు సమానంగా, 12కు కొంచెం ఎక్కువే రావాలి. తరువాత పెద్ద కెపాసిటర్ల మీద డీసీ కొలవండి. ఏసీ 12ను 1.41తో గుణిస్తే వచ్చే 17లోంచి డయోడు తినే 0.7 పోగా, ఒక్కొక్కదాని మీద 16 వోల్టుల పైచిలుకు కనిపించాలి. ఒకటి 16 చూపి రెండోది 3 చూపితే, ఆ రెండో వైపు డయోడునో కెపాసిటరునో అనుమానించాలి. సెట్టు ఆపి, చార్జి తీసి, డయోడ్లను మీటరు డయోడు గుర్తులో పరీక్షించండి: ఒక దిశలో 0.5 నుంచి 0.7 మధ్య చూపాలి, రెండో దిశలో ఏమీ చూపకూడదు. రెండు దిశల్లోనూ బీపు మోగితే అది షార్టు. 1ఎన్4007 ఒక ఆంపియరుకే సరిపోతుంది. దాని స్థానంలో మూడు ఆంపియర్ల 1ఎన్5408 వేస్తే ఎక్కువకాలం నిలుస్తుంది, అయితే దాని కాళ్లు లావు గనుక బోర్డు రంధ్రాలను కాస్త పెద్దవి చేయాల్సి వస్తుంది.

రొద పెడుతుంటే

రొదను బాగుచేసే ముందు దాన్ని సరిగా వినాలి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. అప్పటికీ అదే గట్టితనంతో 'బుయ్'మంటుంటే తప్పు పవర్ వైపుది, ముఖ్యంగా పెద్ద కెపాసిటర్లది. వాల్యూముతో పాటు పెరిగి తగ్గితే తప్పు ఇన్‌పుట్ వైపుది.

కెపాసిటరు చెడితే వచ్చే రొద 100 హెర్ట్‌జ్‌లది. మన 50 హెర్ట్‌జ్‌ల కరెంటు డయోడ్ల వద్ద రెండు అరలుగా మడతపడటంవల్ల అది రెట్టింపవుతుంది. వేలి పరీక్షలో విన్న శబ్దం కంటే ఇది ఒక స్థాయి పైన, కాస్త గరుకుగా ఉంటుంది. కెపాసిటరు తల పైకి ఉబ్బినా, కింద గోధుమరంగు జిగురులాంటిది కారినా ఆలోచించకుండా మార్చండి. ఆ గోధుమరంగుది కొన్నిసార్లు ఫ్యాక్టరీలో భాగాలు కదలకుండా పోసిన జిగురే కావచ్చు, గీకి చూస్తే తెలిసిపోతుంది. కొత్తది కొనేటప్పుడు మైక్రోఫారడ్లు పాతవాటికి సమానంగా గాని కొంత ఎక్కువగా గాని, వోల్టులు ఎట్టిపరిస్థితిలోనూ తక్కువ కాకుండా చూసుకోవాలి. పైన లెక్క వేసినట్టు అక్కడ 16 వోల్టుల పైనే నిలుస్తాయి. రాత్రివేళ లోడు తగ్గి గోడ ప్లగ్గులో 250 వచ్చే ఊళ్లలో అది 17 దాటుతుంది. అందుచేత 16 వోల్టులదాన్ని అమ్మజూపితే వద్దని, 25 లేదా 35 వోల్టులదే తీసుకోవాలి. ఒంటి మీది తెల్లచార మైనసుకు గుర్తు. తిరగేసి పెడితే అది పేలుతుంది, కాబట్టి పాతదాన్ని తీయకముందే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి.

ఇన్‌పుట్ వైపు రొదలో, కంప్యూటర్ తీగ ఊడదీయగానే అది మాయమైతే, లోపం స్పీకరు సెట్టులో కాదు, ఇంటి వైరింగులో ఉండవచ్చు. ల్యాప్‌టాప్ చార్జరు తీసేస్తే రొద ఆగిపోవడం దీనికి తేలికైన సాక్ష్యం. సాకెట్టులో ఎర్తు లేని ఇళ్లలో, కంప్యూటర్ పవర్ సప్లయిలోని ఫిల్టరు కెపాసిటర్లవల్ల దాని లోహపు పెట్టె 110 వోల్టుల చుట్టుపక్కల తేలుతూ ఉంటుంది. కాలికి చెప్పులు లేనప్పుడు తాకితే చురుక్కుమనేది అదే. ఆ లీకేజీయే ఆడియో తీగ గ్రౌండు గుండా పోతూ రొద పెడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు సరిచేయించడం అసలైన వైద్యం. ఎర్తు బాగుండీ రొద పోకపోతే కంప్యూటర్‌ను, స్పీకర్లను, మానిటరును ఒకే బోర్డుకు పెట్టండి. అప్పటికీ ఉంటే ఆడియో తీగ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటరు దొరుకుతుంది. కొందరు కంప్యూటర్ మూడో పిన్నును విరగ్గొట్టి రొద పోయిందని సంతోషిస్తారు. అది రొద పోగొట్టడం కాదు, షాకును ఇంట్లోకి పిలవడం.

వాల్యూమ్ తిప్పితే గరగరమంటే

లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము చేరడమే దీనికి కారణం. కంట్రోలు కాళ్ల పైన ఉండే చిన్న సందులోకి కాంటాక్ట్ క్లీనరును రెండు చుక్కలంత పిచికారీ చేసి, ఈ చివరనుంచి ఆ చివరకు ముప్పై సార్లు తిప్పి, పావుగంట ఆరనివ్వండి. కొబ్బరినూనె చుక్క వేయమనే పెద్దల చిట్కా వారం రోజులు పనిచేసి, తరువాత దుమ్మును మరింత పట్టేసుకుంటుంది. శుభ్రం చేసినా గరగర పోకపోతే పట్టీ అరిగినట్టే. ఒంటి మీద బీ50కే అనో మరొకటో రాసి ఉంటుంది, అదే గుర్తు, అన్నే కాళ్లు ఉన్నది తెచ్చి వేయండి. తిప్పే కంట్రోలు కాకుండా, హద్దు లేకుండా తిరుగుతూ అంకెలు మార్చే రకం అయితే అది ఎన్‌కోడరు. దాన్ని కూడా ఇలాగే శుభ్రం చేయవచ్చు.

డబ్బాలోని స్పీకరు

స్పీకరు తీగలను విడదీసి ఓములు కొలవండి. 4 ఓములు అని రాసినది మీటరులో 3.2 నుంచి 3.8 మధ్య, 8 ఓములది 6 నుంచి 7 మధ్య చూపడం సహజం; తక్కువగా ఉందని కంగారు పడనక్కరలేదు. ఏమీ చూపకపోతే స్పీకరు లోపలి తీగచుట్ట, అంటే కాయిలు, తెగింది. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లును ఒక్క క్షణం తాకిస్తే 'టక్'మనాలి, ప్లస్సు ప్లస్సుకు తాకినప్పుడు కోను (స్పీకరు ముందు కనిపించే గరాటులాంటి పొర) ముందుకు రావాలి. ఈ గుర్తును పట్టించుకోకుండా ఒక స్పీకరును తిరగేసి కలిపితే రెండూ పలుకుతాయి గాని, పాట నడుమ గాయకుడి గొంతు పలచబడి ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా పోతుంది.

వూఫరు కోనును రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. మెత్తగా కదిలితే సరే, 'గీర్'మని రాపిడి వినిపిస్తే కాయిలు ఉబ్బిపోయింది. దానికి మందు లేదు, స్పీకరు మార్చాలి. కోను చుట్టూ ఉన్న ఫోము అంచు పదేళ్ల తరువాత గుండగా రాలిపోతుంది. రబ్బరు అంచు అయితే నిలుస్తుంది. చిన్న చిరుగు మాత్రమే ఉంటే చెప్పులు అతికే రబ్బరు జిగురును పలచగా రాయవచ్చు, గట్టిపడే ఇన్‌స్టంట్ గమ్ము మాత్రం అంచును మళ్లీ చీల్చేస్తుంది.

ఐసీ దగ్గరకు

ఇన్ని దాటి వచ్చాక కూడా ఒక దారి మూగగానే ఉంటే, ముందు భూతద్దంతో బోర్డు వెనుకవైపు చూడండి. సాకెట్టు కాళ్లు, వాల్యూమ్ కాళ్లు, వేడెక్కే ఐసీ కాళ్లు, ఈ మూడు చోట్ల లెడ్డు కుప్పలో కాలి చుట్టూ నల్లటి సన్నని వలయం కనిపిస్తే అదే డ్రై సోల్డరు. బాగున్న అతుకు మెరుస్తూ కాలిమీదికి పాకి ఉంటుంది. చెడినది మసకబారి, కాలిని కదిపితే కుప్పలో విడిగా కదులుతుంది. కాస్త ఫ్లక్సు రాసి, ఐరన్‌ను కాలికి, రాగికి ఒకేసారి ఆనించి, రెండు సెకన్ల తరువాత కొత్త లెడ్డు తాకించి తీసేయండి. లెడ్డును ఐరన్‌కు కాక అతుకుకు తాకించాలి.

ఇక ఐసీ. సెట్టు ఆన్ చేయగానే వూఫరు కోను ముందుకో వెనక్కో తోసుకుపోయి అక్కడే బిగిసి నిలబడితే వెంటనే ఆపండి. ఐసీ పోయి డీసీని స్పీకరుకు పంపుతోంది, ఇంకొంతసేపు ఉంచితే కాయిలూ మాడుతుంది. సెట్టు ఆపి, టీడీఏ 2030 నాలుగో కాలికి (అవుట్‌పుట్టు), మూడు, ఐదు కాళ్లకు (మైనసు, ప్లస్సు) మధ్య కంటిన్యుటీ చూడండి. బీపు మోగితే ఐసీ పోయినట్టే.

మార్చేటప్పుడు టీడీఏ 2030 బదులు చివర 'ఏ' ఉన్నదాన్ని అడగండి. మొదటిది ప్లస్ మైనస్ 18 వోల్టుల దాకానే ఓర్చుకుంటుంది, 'ఏ' రకం 22 దాకా. కరెంటు హెచ్చుతగ్గులున్న చోట ఈ నాలుగు వోల్టులే సెట్టును కాపాడతాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్.పి. రోడ్డు లాంటి చోట్ల ఇవి విరివిగా దొరుకుతాయి. నకిలీలూ అక్కడే దొరుకుతాయి గనుక, అడ్డగోలుగా చవకైనదాన్ని వద్దనండి, రెండు కొనండి.

పాతదాన్ని పీకడానికి మొత్తం కాళ్లను ఒకేసారి వేడి చేయబోతే బోర్డు రాగి లేచిపోతుంది. శరీరానికి దగ్గరగా ఐదు కాళ్లనూ కత్తిరించి, మిగిలిన మొండాలను ఒక్కొక్కటిగా తీసి, రంధ్రాలను పంపుతో శుభ్రం చేయడం సులువు. ఈ ఐసీ లోహపు రేకు లోపల మూడో కాలికి, అంటే మైనసుకు, కలిసి ఉంటుంది. పాతదాని వెనుక మైకా ముక్కో సిలికాన్ ముక్కో ఉంటే దాన్ని తప్పక తిరిగి పెట్టి, పలచగా హీట్‌సింక్ పేస్టు రాసి, బిగించాక రేకుకు, హీట్‌సింకుకు మధ్య బీపు రాకుండా చూసుకోండి. వస్తే ఆన్ చేసిన క్షణంలోనే కొత్త ఐసీ కూడా పోతుంది.

బ్లూటూత్, యూఎస్‌బీ ఉన్న సెట్లలో తీగ ద్వారా పాట వస్తూ బ్లూటూత్ మాత్రం రాకపోతే, ఆంప్లిఫయరు బోర్డు జోలికే పోవద్దు. ముందువైపు చిన్న మాడ్యూలుకు 5 వోల్టులు ఇచ్చే 7805 ఐసీని, రాతలు మనవైపు ఉండగా కుడి చివరి కాలి వద్ద కొలవండి. 5 వోల్టులు వస్తుంటే మాడ్యూలే మార్చాలి. యూఎస్‌బీతోనే నడిచే చిన్న జత స్పీకర్లలో ఉండే పీఏఎం 8403 చిప్పు విషయంలో ఒక్కటే గుర్తుపెట్టుకోండి: అందులో స్పీకరు మైనసు గ్రౌండు కాదు, కాబట్టి తీగ తక్కువైందని రెండు స్పీకర్ల మైనసులను కలపకూడదు.

మూత వేసే ముందు

స్పీకర్లు ఇంకా కలపకుండానే, సిరీస్ బల్బు ద్వారా ఆన్ చేయండి. బల్బు మందగించాక, స్పీకరు తీగలు వచ్చే ప్రతి చోటా డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. వోల్టుల్లో కనిపిస్తే ఐసీ అతుకులను మళ్లీ చూడాలి, స్పీకరు కలపరాదు. ఒకే సప్లయి మీద (మైనసు వోల్టులు లేకుండా ప్లస్సు మీదే) నడిచే బోర్డుల్లో మాత్రం ఐసీ నాలుగో కాలి దగ్గర సప్లయిలో సగం వోల్టులు ఉండటం సరైనదే; అక్కడ కొలవవలసింది దాని తరువాతి పెద్ద కెపాసిటరు అవతల.

అన్నీ సరిగా ఉంటే స్పీకర్లు కలిపి, సిరీస్ బల్బు తీసి, సగం వాల్యూములో అరగంట పాట పెట్టండి. తరువాత సెట్టు ఆపి హీట్‌సింకును వేలితో తాకితే వెచ్చగా ఉండాలి, వేలు నిలవనంతగా కాలకూడదు. పెట్టె మూసేటప్పుడు అంచు చుట్టూ ఉన్న నల్లటి స్పాంజి పట్టీ మడతపడకుండా సర్ది, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. ఎక్కడైనా సందు మిగిలితే బరువైన స్వరం వచ్చినప్పుడల్లా అక్కడినుంచి గాలి 'ఫుర్'మంటుంది, కొత్త లోపమేదో వచ్చిందనుకుని మళ్లీ విప్పుతారు.